టెస్టరు చెప్పని సంగతి

2024 సెప్టెంబరు మొదటివారం. బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. బియ్యం తడిశాయి, పరుపులు తడిశాయి, బీరువా అడుగు అరలోని చదువు సర్టిఫికెట్లు తడిశాయి. అవన్నీ కళ్లకు కనిపించే నష్టాలు. నీళ్లు తీశాక ఇంటింటా మరో భయం మొదలైంది. గోడలోని స్విచ్‌బోర్డు రోజుల తరబడి బురదనీళ్లలో నానింది కదా... ఇప్పుడు మెయిన్ వెయ్యొచ్చా, కూడదా?

అప్పుడు అందరికీ గుర్తొచ్చినవాడు కరెంటాయన!

ఫోన్ల మీద ఫోన్లు. ‘మేస్త్రీ, ముందు మా ఇంటికి రావయ్యా’ అని ఒకరు, ‘పసిపిల్ల ఉంది, ఒక్క ఫ్యానన్నా తిరిగేలా చూడు’ అని ఇంకొకరు. ఆ మేస్త్రీ ఉండేదీ సింగ్‌నగర్‌లోనే. ఆయన ఇల్లూ మునిగింది. డ్రిల్లింగ్ మిషను బురదలో దొరికింది కానీ పనికిరాలేదు. సామాన్ల సంచి అసలు దొరకనే లేదు. పక్కవీధి కుర్రాడి దగ్గర కటింగ్ ప్లేయరూ, టెస్టరూ అడిగి తెచ్చుకుని పనికి బయల్దేరాడు. ఆయన వెంట ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండో ఏడాది చదువుతున్న కూతురు.

ఇరవై నాలుగేళ్లుగా ఆయన చేస్తున్నది కరెంటు పనే. అయినా పేరు బయటికి చెప్పడానికి ఒప్పుకోడు. కారణం ఒక్కటే... ఆయనకు వైర్‌మ్యాన్ పర్మిట్ లేదు.

నిచ్చెన మోసిన చదువు

ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయింది. మేనమామ వన్‌టౌన్‌లో కరెంటు మేస్త్రీ. ‘ఖాళీగా తిరిగే బదులు నా వెంట పంపు అక్కా’ అన్నాడు. అలా 2000వ సంవత్సరంలో, పద్నాలుగేళ్ల వయసులో చేతికి సుత్తీ ఉలీ వచ్చాయి. కరెంటు పనికి సుత్తీ ఉలీ ఎందుకంటారా? మొదటి ఏడాదంతా గోడ కొట్టడమే పని. మేస్త్రీ సుద్దముక్కతో గీత గీస్తాడు. ఆ గీత వెంబడి పైపు పట్టేంత గాడి పడాలి. లోతు ఎక్కువైతే ఇటుక పగులుతుంది, తక్కువైతే పైపు గోడలో నుంచి తొంగిచూస్తుంది. దీనికితోడు నిచ్చెన మోయడం, టీలు తేవడం, సాయంత్రం ముక్కు వైరంతా ఏరి సంచిలో వెయ్యడం.

రెండో ఏడాది స్లాబు మీదికి ఎక్కనిచ్చారు. ఇల్లు కట్టుకున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియని సంగతి ఇది... ఇంట్లో కరెంటు పని మొదలయ్యేది గోడలు లేచాక కాదు, స్లాబు పోసే ముందురోజు. ఇనుప చువ్వలు కట్టడం పూర్తయ్యాక కాంక్రీటు పడేలోపు పైపులన్నీ పరవాలి. ఫ్యాన్ బాక్సులు కట్టాలి, మూతుల్లో కాగితాలు కుక్కాలి. తెల్లారి కాంక్రీటు కలిపే మిషను వచ్చేస్తుంది. రాత్రి ఒక్క పైపు వంపు దగ్గర ఊడినా, ఎవరి కాలికిందో పడి నలిగినా, అది ఆ ఇంటికి జన్మంతా ఉండిపోయే జబ్బే. ఆరునెలల తర్వాత వైరు లాగుతుంటే సగంలో ఆగుతుంది. ఇటు నుంచి స్ప్రింగు తోసి, అటు నుంచి లాగి, సబ్బుపొడి రాసి తంటాలు పడాల్సిందే. అలాంటి చోట వైరు బలవంతంగా లాగితే పైన తొడుగు గీసుకుపోతుంది. లోపల ఏం జరిగిందో పైకి కనిపించదు.

స్విచ్‌బోర్డు చేతికొచ్చింది మూడో ఏడు. ‘షాకు తిననోడికి పని రాదురా’ అనేవాడు మేనమామ. ఆయనకు వాళ్ల మేస్త్రీ నేర్పిన సూత్రం అది. టెస్టరు దగ్గర లేకపోతే వేలి వెనక భాగంతో తాకి చూసేవాళ్లు. వేలి ముందు భాగం తగిలితే చెయ్యి మూసుకుపోయి తీగను పట్టేసుకుంటుందట, వెనక భాగమైతే విసిరికొడుతుందట! ఇదీ వాళ్లు నేర్చిన భద్రతా పాఠం. కుర్రాడు మూడుసార్లు గట్టిగా షాకు తిన్నాడు. మూడోసారి నిచ్చెన మీద నుంచి పడ్డాడు. కుడి మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

అలాగని ఆ చదువును తక్కువ చేయడానికీ లేదు. ఫ్యాను తిరిగే చప్పుడు విని పోయింది కండెన్సరో బేరింగో చెప్పగలడు. ఏ ఇంటికి వెళ్లినా బోర్డు విప్పిన నిమిషంలో, దాన్ని బిగించినవాడు తొందరలో చేశాడో నెమ్మదిగా చేశాడో చెప్పేస్తాడు. ఈ విద్యకు ఫీజు లేదు, పరీక్ష లేదు. చివర్లో చేతికొచ్చే కాగితమూ లేదు.

సంతకం ఒకరిది, చెయ్యి ఒకరిది

ఆ కాగితం గురించి చట్టం ఎప్పుడో చెప్పింది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం ఉండేది. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివి పాడైతే మార్చుకోవడం వరకూ ఫర్వాలేదు. అది దాటి కొత్త వైరింగ్ చేయాలన్నా, ఉన్నదానికి మార్పులు చేయాలన్నా రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సున్న కాంట్రాక్టరు ఆ పని తీసుకోవాలి. యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి. పర్మిట్ ఉన్న పనివాడు చెయ్యాలి. ఆ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. మళ్లీ 2023లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. అక్షరాలు మారినా లైసెన్సు, పర్యవేక్షణ, పర్మిట్ అన్న మూడంచెల మాట అలాగే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఈ వ్యవహారం చూడటానికి ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డులున్నాయి.

ఇదంతా కాగితం మీది లెక్క. మరి వీధిలో జరిగేదేంటి?

ఇల్లు పూర్తయ్యాక కొత్త మీటరుకు దరఖాస్తు చేస్తారు. వైరింగ్ సరిగ్గా ఉందనీ, పరీక్షించి చూశామనీ లైసెన్సున్న కాంట్రాక్టరు సంతకంతో రిపోర్టు కావాలి. ఆ సంతకం కావాలంటే ఫలానా చోట దొరుకుతుందని మేస్త్రీలందరికీ తెలుసు. ఇంటి గుమ్మం తొక్కని మనిషి ఆ ఇంటి వైరింగ్ భేషుగ్గా ఉందని ముద్ర వేస్తాడు. లైసెన్సున్నవాళ్లంతా ఇలాగే చేస్తారనడం అన్యాయం. నిచ్చెనెక్కి ప్రతి పెట్టె విప్పించి చూసే కాంట్రాక్టర్లూ ఉన్నారు. కానీ ముద్ర కొనుక్కునే వీలు మాత్రం ఈ మేస్త్రీకి ఎన్నడూ కొరవపడలేదు. ఇంటాయనకు ఖర్చు మిగిలింది. సంతకం చేసినాయనకు కూర్చున్నచోటే డబ్బొచ్చింది. మేస్త్రీకి పని దొరికింది. ఎవరికీ నష్టం లేదు... ఏదైనా జరిగేదాకా! కరెంటు షాకుతో దేశంలో ఏటా పోతున్న ప్రాణాలు పదివేలకు పైనేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెబుతున్నాయి.

ఇన్నేళ్లలో ఎన్ని ఇళ్లకు వైరింగ్ చేశాడో ఆయనకే లెక్క లేదు. ఒక్క ఇంటి కాగితం మీదా ఆయన పేరు లేదు.

కూతురు పట్టిన ఆకురాయి

2023లో కూతురు పదో తరగతి పాసయింది. అందరూ ఇంటరన్నారు. ఆ పిల్ల ఐటీఐ, అదీ ఎలక్ట్రీషియన్ ట్రేడు అంది. ‘ఆడపిల్లకి స్తంభాలెక్కే పనేంటే?’ అని తల్లి గోల. తెలంగాణలో లైన్‌మ్యాన్ ఉద్యోగాలకు ఆడవాళ్లను తీసుకోమంటే కొందరు అమ్మాయిలు హైకోర్టుకు వెళ్లారు. 8 మీటర్ల స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి సిద్దిపేట జిల్లా యువతి 2021లో ఉద్యోగం తెచ్చుకుంది. ఆ వార్త పేపర్లో చూసినప్పటి నుంచీ పిల్ల మనసులో ఉన్న కోరిక ఇది.

తండ్రికి స్తంభం గురించి బెంగ లేదు. ఆయన భయం వేరు. కట్టుబడి చోట్లు ఎలా ఉంటాయో ఆయనకు తెలుసు. పదిమంది మగాళ్ల మధ్య పని. బాత్రూం ఉండదు. గేటు దగ్గరే ‘నువ్వు కాదమ్మా, మీ మేస్త్రీని పిలు’ అంటారు. ఇవేవీ పిల్లకు చెప్పలేక, ‘సర్లే తల్లీ, చేరు’ అన్నాడు.

ఐటీఐలు ఈనాటివి కావు. దేశంలో చేతివృత్తుల శిక్షణ పథకం 1950లోనే మొదలైంది. ఎలక్ట్రీషియన్ ట్రేడుకు పదో తరగతి చదివుండాలి. కోర్సు రెండేళ్లు. కరెంటు నేర్చుకుందామని వెళ్లిన పిల్లకు మొదట చేతికిచ్చింది ఆకురాయి! ఇనుప ముక్కను బెంచీకి బిగించి, నాలుగు పక్కలా చదునుగా, మూలమట్టానికి సరిపోయేలా అరగదీయాలి. అరచేతుల్లో బొబ్బలొచ్చాయి. ‘ఇదేం కరెంటు చదువే!’ అని తండ్రి నవ్వాడు. ఆ తర్వాత వచ్చాయి జాయింట్లు. బ్రిటానియా, వెస్ట్రన్ యూనియన్, మ్యారీడ్, టీ జాయింటు, ఎలక చూడమ్మా అంటూ ఎలకతోక జాయింటు! కూతురు ఒక్కోటీ కట్టి తెచ్చి చూపిస్తే తండ్రికి సగం తెలుసు, సగం తెలియదు. తెలిసినవాటికి పేర్లు తెలియవు.

ఇద్దరి భాషలూ వేరు. తండ్రి నోట ఇప్పటికీ మేనమామ కాలంనాటి గేజు లెక్కలే... 1/18, 3/20, 7/20. కూతురి పుస్తకంలో లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, గీజరుకూ ఏసీకీ 4 చదరపు మిల్లీమీటర్లు. ‘గీజరుకు లావు వైరు ఎందుకు నాన్నా?’ అందో రాత్రి. ‘ఎందుకేంటి, లేకపోతే కాలుద్ది’ అన్నాడాయన. పిల్ల కాగితం తీసి 2000 వాట్లను 230 వోల్టులతో భాగించింది. దాదాపు 8.7 ఆంపియర్లు. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు ఇది మోయలేదు. ఇన్నేళ్లుగా చేత్తో తెలిసిన సంగతి కాగితం మీద రెండు వరసల్లో తేలింది. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడట. ఈ మాట చెప్పింది కూతురు, ఆయన కాదు.

ఇంకో రోజు ఎంసీబీ సంగతి వచ్చింది. ‘బోర్డులో ఎంసీబీలున్నాయిగా, షాకేం కొట్టదు’ అని ఇళ్లవాళ్లకు ఆయన ధైర్యం చెబుతుంటాడు. కూతురు ఒప్పుకోలేదు. ఎంసీబీ కాపాడేది వైరును. 16 ఆంపియర్ల ఎంసీబీ ఆ పరిమితి దాటితేనే పడుతుంది. పాత 60 వాట్ల బల్బు వెలగడానికి తీసుకునేదే పావు ఆంపియరు పైచిలుకు. మనిషి ప్రాణం తీయడానికి అంత కూడా అక్కర్లేదు. మనిషిని పట్టించుకునేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదానికీ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోపే, అంటే ఆ బల్బు తీసుకునే దాంట్లో తొమ్మిదో వంతు దగ్గరే అది కట్ చేసేస్తుంది. ఖర్చని చాలా ఇళ్లలో వద్దంటారు. మార్బుల్‌కి మాత్రం వెనకాడరు.

అయితే పిల్ల చదువులోనూ బొక్కలున్నాయి. ఐటీఐలో వైరింగ్ నేర్పేది చెక్కబోర్డు మీద. మెట్ల వైరింగ్, గోడౌన్ వైరింగ్, హాస్టల్ వైరింగ్... అన్నీ బోర్డు మీదే వెలుగుతాయి. ఒక మోటారు చుట్టూ బోలెడుమంది. స్లాబు పైపింగ్ ఎవరూ కళ్లజూడలేదు. ‘మీ క్లాసులో ఒక్కడికన్నా గోడ కొట్టడం వచ్చా?’ అని తండ్రి ఎకసెక్కం చేస్తే పిల్ల దగ్గర జవాబు లేదు. ఎండాకాలం సెలవుల్లో నాన్న వెంట వెళ్లి గాడి కొట్టింది. మొదటిరోజు కొట్టింది వంకరగా వచ్చింది.

మెగ్గర్ ముల్లు

వరద తర్వాత ఈ ఇద్దరూ కలిసి తిరిగిన ఆ రోజుల్లో, పిల్ల చేతిలో ఒక పాత మెగ్గర్ ఉంది. ఐటీఐలో పాఠం చెప్పే సారు జాగ్రత్తలు చెప్పి ఇచ్చారు. చేత్తో పిడి తిప్పితే 500 వోల్టులు పుట్టించే పెట్టె అది. మెయిన్ ఆపి, సామాన్ల ప్లగ్గులన్నీ పీకి, బల్బులు తీసి, వైరుకూ ఎర్తుకూ మధ్య తొడుగు ఎంత గట్టిగా ఉందో చూస్తారు. కనీసం 1 మెగా ఓమ్ చూపించాలి.

రెండంతస్తుల ఇల్లు. కింద భాగమంతా మునిగి తేలింది. తండ్రి బోర్డులు విప్పాడు, బురద కడిగాడు, కొత్త స్విచ్చులు బిగించాడు. నీళ్లలో నానిన ఎంసీబీలు తీసి పారేసి కొత్తవి పెట్టాడు. అంతా అయింది. ‘ఇక వేసేయ్ మేస్త్రీ’ అన్నాడు ఇంటాయన. కూతురు మెగ్గర్ తిప్పింది. ముల్లు సున్నాకు కాస్త ఇవతల ఆగింది.

‘వద్దు నాన్నా. పైపుల్లో నీళ్లున్నాయి’ అంది.

ఆయన ఇన్నేళ్లుగా నమ్ముకున్నది టెస్టరును. టెస్టరు చెప్పేది ఒక్కటే, కరెంటు ఉందా లేదా అని. ఉన్న కరెంటు తడిగోడలోకి ఎక్కడికి కారుతోందో అది చెప్పదు. ‘రెండ్రోజులు ఆగండి సార్. వైర్లు బయటికి లాగి ఆరబెట్టి, పాడైనవి మార్చి ఇస్తాను’ అన్నాడు ఇంటాయనతో. ఇంటాయనకు కోపం వచ్చింది. పది రోజులుగా చీకట్లో ఉన్న మనిషి. ‘ఇన్నేళ్లూ లేని మిషను ఇప్పుడెందుకయ్యా? చిన్నపిల్ల చెప్పిందని ఇల్లు చీకట్లో పెడతావా?’ అన్నాడు. తండ్రి మెయిన్ వెయ్యలేదు. చేసినంత పనికి డబ్బులు కూడా అడగకుండా దిగొచ్చేశాడు. సాయంత్రానికి వేరే కుర్రాడొచ్చి మెయిన్ వేశాడు. లైట్లు వెలిగాయి.

ఏమైంది? ఏమీ కాలేదు. ఆ ఇంట్లో ఎవరికీ షాకు కొట్టలేదు. ఇప్పటికీ బాగానే ఉన్నారు. వీధిలో కొన్నాళ్లు ‘కూతురు మాట విని పని పోగొట్టుకున్నాడు’ అని చెప్పుకున్నారు. ఈ వృత్తిలో కష్టమంతా అక్కడే ఉంది. తప్పు చేసిన పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏమీ కాదు. ఆ తొమ్మిదిసార్లే మనిషికి అనుభవమైపోతాయి.

మిగతా ఇళ్లలో మాత్రం మెగ్గర్ చూపించిన ప్రకారమే చేశారు. మూడు ఇళ్లలో వైరింగ్ మొత్తం లాగి మళ్లీ వేయాల్సొచ్చింది. ఒక ఇంట్లో మరీ విచిత్రం... కింద బోర్డు ఆపినా వైర్లలో కరెంటు ఉంది. మేడమీద ఇన్వర్టరు ఆపడం ఇంట్లోవాళ్లు మర్చిపోయారు! దాన్ని పట్టింది తండ్రే, అడిగి తెచ్చుకున్న ఆ టెస్టరుతోనే.

అనుభవానికి సాక్షి ఎవరు?

ఆ వరద పనులయ్యాక ఆయన మొదటిసారి అన్నాడు, ‘నేనూ పర్మిట్ తీసుకుంటే?’ అని.

చదువు దారిన వచ్చేవాళ్లకు ఐటీఐ సర్టిఫికెట్టు ఉంటుంది, ఆపైన అప్రెంటిస్‌షిప్పు ఉంటుంది. పని దారిన వచ్చేవాళ్లు ఫలానా కాంట్రాక్టరు దగ్గర ఇన్నేళ్లు చేశామని చూపించుకోవాలి, పరీక్ష రాయాలి. అర్హతలేమిటో, గడువెప్పుడో బోర్డు నోటిఫికేషన్ చూసుకుని వెళ్లాల్సిందే. పరీక్ష సంగతి తర్వాత. ఆయనకు మొదటి గుమ్మం దగ్గరే కాలు తట్టుకుంది. ఇరవై నాలుగేళ్ల అనుభవానికి సాక్షి ఎవరు?

మేనమామ చనిపోయి ఆరేళ్లయింది. ఆయనకూ లైసెన్సు లేదు. పనిచేయించుకున్న కాంట్రాక్టర్లలో ఒకాయన ఊరు మారాడు. ఇంకొకాయన, ‘ఇప్పుడు నీకెందుకురా అదంతా? కావాలంటే నా సంతకం ఉందిగా’ అన్నాడు. ఎన్నో ఇళ్లకు సంతకాలు అలవోకగా ఇచ్చిన చెయ్యి, ‘ఇతను నా దగ్గర పనిచేశాడు’ అని రాయడానికి మాత్రం వెనకాడింది. రాస్తే హాజరు పట్టీ ఏదని అడుగుతారేమో, జీతాల లెక్క ఏదని అడుగుతారేమో! ఆయన ఇబ్బంది ఆయనది. కానీ పర్మిట్ లేని మనుషులతో పనిచేయించుకోవడానికి రాని ఇబ్బంది, వాళ్లకు పర్మిట్ తెప్పించడానికి రావడం ఏ లెక్కన న్యాయమో ఎవరూ చెప్పలేరు.

చివరికి మూడో కాంట్రాక్టరు దొరికాడు. నిచ్చెనెక్కి చూసే రకం. కాగితం ఇప్పుడు ఇవ్వనన్నాడు. ‘నా దగ్గర పేరు రాయించుకుని పని చెయ్యి. చేసినన్నాళ్లకే రాసిస్తా, పాతవాటికి రాయను’ అన్నాడు. అంటే పాతికేళ్ల పనివాడు మళ్లీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాలి. పాయింటుకు ఇంతని సొంతంగా మాట్లాడుకుంటే వచ్చే డబ్బు అక్కడ రాదు. ఇంట్లో దీని మీద వారం రోజులు మాటలు నడిచాయి. కూతురి చదువు అప్పటికింకా పూర్తికాలేదు, వరదలో పోయిన ఫ్రిజ్ ఇంకా కొనలేదు. భార్య కుట్టుమిషను మీద వచ్చేదీ, ఆయన జీతమూ కలిపి లెక్కేశారు. నెలకు కొంత తగ్గుతుంది. ‘తగ్గితే తగ్గనీ. వెళ్లు’ అంది ఆవిడ.

2025లో ఆయన ఆ కాంట్రాక్టరు దగ్గర చేరాడు. అదే ఏడాది కూతురు ఐటీఐ పూర్తిచేసి అప్రెంటిస్‌గా వెళ్లింది. సబ్‌స్టేషన్‌లో ఆ పిల్లకు ముందు నేర్పింది పని కాదు. పని మొదలుపెట్టేముందు లైను ఆపించడం, ఆపినట్టు కాగితం తీసుకోవడం, ఎర్తు రాడ్ తగిలించాకే చెయ్యి పెట్టడం. వేలి వెనక భాగం సంగతి అక్కడ చెబితే అందరూ నవ్వారట.

రాత్రి భోజనాలయ్యాక ఆయన పరీక్ష గైడు పట్టుకుంటాడు. చదవడం కంటే రాయడమే కష్టం. ఎర్తు గొయ్యి ఎలా తవ్వాలో, అందులో ఉప్పూ బొగ్గూ ఎందుకు వేస్తారో నోటితో గంట చెప్పగలడు. కలం పట్టుకుంటే రెండు వరసల దగ్గర ఆగిపోతాడు. మణికట్టు తిరగదు కాబట్టి అక్షరాలు పక్కకు ఒరుగుతాయి. కూతురు ఎర్రసిరాతో తప్పులు దిద్దుతుంది. మొన్నొక ప్రశ్నకు పదికి నాలుగు మార్కులే వేసింది. ‘అంతా రాశాగా తల్లీ!’ అంటే, ‘బొమ్మ గీయలేదు నాన్నా’ అంది. ఆయన పుస్తకం దగ్గరకు లాక్కుని, స్కేలు కోసం వెతికాడు.